రెక్కలు గల మర తోడేలు

కెనడాలోని వాంకూవరు నగరమున మెయిన్‌ఫ్రేమ్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ నిర్మించిన 'బీస్ట్ వార్స్' అను కంప్యూటరు చిత్రమాలిక 1996 నుండి 1999 వరకు 52 భాగములుగా టెలివిజనులో ప్రసారమైనది. జంతురూపము దాల్చగల మరమనుషులే ఇందలి పాత్రలు. రెండవ విడతలో ప్రవేశించు సిల్వర్‌బోల్ట్ తోడేలుగా మారును. అయితే ఈ తోడేలుకు గరుడపక్షి రెక్కలు కూడ ఉన్నవి.

రూపము మార్చుటకు కథలో కారణము చెప్పబడినది. ఆ గ్రహముపై ఎనర్జాన్ అను పదార్థము నుండి వెలువడు వికిరణము మరశరీరమునకు హానికరము. జంతురూపము దాని నుండి కాపాడును. కల్పనయే అయినను ఇది మెచ్చదగినది, ఏలయన మార్పునకొక అవసరము చూపబడినది.

చిక్కు తరువాతిది. యంత్రము రెండు జంతువుల డి.ఎన్.ఏ.ను పొరపాటున కలిపివేయగా సిల్వర్‌బోల్ట్ పుట్టెనట! డి.ఎన్.ఏ. పిండము పెరుగు క్రమమును నడుపు సమాచారము. అందుండి ఒక అవయవమును కత్తిరించి వేరొకచోట అతికించుటకు వీలులేదు. పైగా పక్షిరెక్క అనగా మార్పుచెందిన ముందుకాలే. భుజము క్రింద ఒక ఎముక, మోచేతి క్రింద రెండు, ఆపై మణికట్టు, వ్రేళ్లు: గరుడపక్షి రెక్కలోను, తోడేలు ముందుకాలిలోను, మనిషి చేతిలోను ఇదే వరుస. ముందుకాళ్లను ఉంచుకొని రెక్కలను కూడ పొందుట ఒకే చేతిని రెండుసార్లు లెక్కించుట వంటిది. వెన్నెముకగల జంతువులలో నాలుగు కాళ్లు, రెండు రెక్కలు గల జాతి ఒక్కటియు లేదు.

ఎగురుట సంగతియు ఆలోచింపదగినదే. 5 కిలోల పక్షిని పొడవు, వెడల్పు, ఎత్తులలో రెట్టింపు చేసినచో బరువు 8 రెట్లై 40 కిలోలగును. అది ఒక తోడేలు బరువు. రెక్కల వైశాల్యము మాత్రము 4 రెట్లే పెరుగును. అనగా రెక్కలో ప్రతి చదరపు అంగుళముపై భారము రెట్టింపగును. నేడు ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైనవి సుమారు 18 కిలోల వద్ద ఆగిపోవుటకు ఇదియొక ముఖ్యకారణము. అయితే కండలకు బదులు ఇంజను గల యంత్రమునకు ఈ హద్దు లేదు. కావున ఈ విషయమున కథను తప్పుపట్టుట న్యాయము కాదు.

పాత్రపోషణ మాత్రము చక్కనిది. మెగాట్రాన్ మొదట సిల్వర్‌బోల్ట్‌ను తన పక్షమువాడని నమ్మించును. ఆ నాయకుని నడత తెలిసినంతనే ఈ సౌమ్యుడు వానిని విడిచిపోవును. మేకపిల్లపై నేరము మోపి తిన్న తోడేలు కథ వినియున్న పిల్లలకు ఇట్టి తోడేలు క్రొత్తదే.

ఈ చిత్రము చూచిన విద్యార్థి చేత ఉపాధ్యాయుడు సిల్వర్‌బోల్ట్ అస్థిపంజరమును గీయించి చూడవలెను. భుజము వద్దకు రాగానే పెన్సిలు ఆగును. రెక్కను ఏ ఎముకకు తగిలింపవలెను? ఆ ప్రశ్న పుట్టిననాడు చిత్రములోని తప్పు కూడ ఒక పాఠమగును.