లెక్కలు రాని శాఖేం కాదు

2020 ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్యశాఖ విలేఖర్లని కూచోబెట్టి ఒక లెక్క చెప్పింది. దేశంలో కరోనా కేసులు 14,378. అందులో తబ్లీగీ జమాత్‌తో ముడిపడినవి 4,291. అంటే 29.8 శాతం. దశాంశంతో సహా! అంతకు రెండు వారాల ముందు, ఆ జమాత్ సమావేశమే లేకుంటే కేసులు రెట్టింపు కావడానికి 4.1 రోజులు కాదు, 7.4 రోజులు పట్టేదని కూడా గుణించి చెప్పారు.

విదేశాల నుంచొచ్చిన జమాత్ సభ్యుల్ని బలిపశువుల్ని చేశారని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ ఆ ఆగస్టులోనే అంది. ఆ గాయాన్ని మళ్లీ కెలకడం మా ఉద్దేశం కాదు. ఆరోగ్యంలో హెచ్చుతగ్గుల్ని సరిచేసే సత్తా ప్రభుత్వ శాఖలకి లేదనీ, సిబ్బంది చాలరనీ, లెక్కలు దొరకవనీ పెద్దలు అంటుంటారు. సిబ్బంది సంగతి ఒప్పుకుంటాం. లెక్కల సంగతి ఒప్పుకోం. రోగం మావల్ల వచ్చిందని చెప్పాల్సినప్పుడు మూడు వారాల్లో లెక్క తేలింది. మాకొచ్చిన రోగాల లెక్కో?

ఇదే శాఖ చేయించే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశానికీ రాష్ట్రానికీ మతాలవారీగా అంకెలిస్తుంది. జిల్లా పట్టిక దగ్గరికొచ్చేసరికి ఆ గడి మాయం. దళితుల గడీ ఉండదు, ఆదివాసీల గడీ ఉండదు. మందులూ మనుషులూ కదలాల్సింది జిల్లాలో కదా!

హిందువుల పిల్లలతో పోలిస్తే మా పసిపిల్లల మరణాలు తక్కువని 2006లో సచార్ కమిటీ చెప్పింది. నిజమే, దాచం. ముస్లింలు ఎక్కువగా ఉన్న పెద్ద ఊళ్లలో వైద్య సౌకర్యాలు కొరవడ్డాయనీ ఆ నివేదికే చెప్పింది. మొదటి మాటే అందరికీ గుర్తుంది.

కాన్పుల వార్డులో "మీవాళ్లింతే, ఏడాదికొకర్ని కంటారు" అన్న మాట మా అక్కచెల్లెళ్లు ఎన్నిసార్లు వినలేదు? ఆ సర్వే ప్రకారమే 1992-93లో ముస్లిం స్త్రీ సగటున 4.4 మంది పిల్లల్ని కంటే, 2019-21 నాటికి అది 2.36కి దిగింది. ఆ కాగితం వార్డు దాకా రాలేదు. నొప్పులు పడుతూ ఆ మాట విన్న ఆడది రెండోసారి ఆ గడప తొక్కదు. అప్పు చేసి ప్రైవేటు నర్సింగ్‌హోంకి పోతుంది. మంచాలు, మిషన్లు లెక్కపెట్టి శాఖ సత్తా కొలిచేవాళ్లు ఈ మాటని ఏ గడిలో వేస్తారు?

2018 నుంచి హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలొచ్చాయి. మంచిదే. పేరు కూడా మా నోటి మాటే. కానీ పగలు తెరిచి సాయంత్రానికి మూసే దవాఖానాకి, షెడ్డులో దినకూలీకి పనిచేసే కుర్రాడు కూలి పోగొట్టుకోకుండా ఎప్పుడెళ్లాలి?

మతం అడగడమే మతతత్వం అంటారు సెక్యులర్ మిత్రులు. మా భయం వేరు. ఆ గడిలో అంకె వేసినవాడు మా గల్లీకి నర్సుని పంపుతాడా, పోలీసుని పంపుతాడా? 2020లో మేం చూసింది రెండోదే. అయినా ఆ గడి కావాలనే అడుగుతున్నాం, జిల్లా పట్టికలో, దళితుల గడి పక్కనే.