గోడమీది పటము

మన పల్లెలలో క్రైస్తవ గృహమున అడుగుపెట్టగానే కనబడునది ఒక పటము. మట్టిగోడయైనను డాబాయైనను సరే. గోధుమవన్నె జుట్టు, తెల్లని మోము, ఒక ప్రక్కకు తిరిగిన మెత్తని చూపు. ఈ ముఖమునే మనము ప్రభువని బిడ్డలకు చూపుచున్నాము. దీనిని 1940వ సంవత్సరమున చికాగోలో వార్నర్ సాల్మన్ అను అమెరికా చిత్రకారుడు వేసెను. 1924లో ఒక క్రైస్తవ పత్రికకొరకు తాను బొగ్గుతో గీచిన బొమ్మయే దానికి మూలము. పిమ్మట అది కోట్లకొలది ప్రతులుగా లోకమంతట వ్యాపించెను.

సాల్మన్ భక్తిపరుడే. ఉత్తర ఐరోపానుండి వలసవచ్చినవారి బిడ్డ గనుక, తాను నిత్యము చూచిన ముఖములవంటి ముఖమునే ప్రభువునకిచ్చెను. ఏ చిత్రకారుడైనను అంతే. బొమ్మలో దోషము కొంచెమే. గోడమీద అది ఒక్కటే ఉండుటలో దోషము ఎక్కువ. పుట్టినది మొదలు ఒకే ముఖమును చూచిన కన్ను, ఎవరును బోధింపకుండగనే, పరిశుద్ధతకు ఒక రంగు కలదని నేర్చుకొనును.

ఇది వట్టిమాట కాదు. నేను వేదాంత కళాశాలలో చదివి, ఇరువదియేండ్లు పరిచర్య చేసిన తరువాత, ఒక క్రిస్మసు రాత్రి కూలిపని చేయు ఒక అవ్వ నన్నడిగెను: "అయ్యగారూ, మా పిల్లకు ఏటేటా గొర్రెలకాపరి వేషమేనా?" ఆ పిల్లకు మరియమ్మ మాటలన్నియు కంఠస్థమే. నల్లని పిల్ల. అంతవరకు మరియమ్మ వేషమునకు నేను ఎవరెవరిని ఎంచితినో ఆ రాత్రి లెక్కపెట్టుకొంటిని. అందరును తెల్లనివారే! మనుష్యులలో భేదము చూపుట పాపమని ఎన్ని ప్రసంగములు చేసితినో. నోరు ఒకటి చెప్పుచుండగా కన్ను వేరొకటి చేసెను. ఏలీయాబు రూపమును చూచి మురిసిన సమూయేలు, దేవుడు చెప్పగానే మరలెను. నాకు ఇరువదియేండ్లు పట్టెను.

ఇట్టిదానికి ప్రసంగము చాలదు. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయము తీసి చూడుడి. గ్రీకుభాష మాట్లాడు విధవరాండ్రు అనుదిన పరిచర్యలో విడువబడిరి. పంచువారు దుష్టులని అక్కడ వ్రాయబడలేదు. వారి కంటికి తమవారే ముందు కనబడియుందురు. ఇకమీదట జాగ్రత్తగా పంచుడని చెప్పి అపొస్తలులు ఊరకుండలేదు. సంఘము ఏడుగురిని ఏర్పరచెను. స్తెఫను మొదలు నీకొలాసు వరకు ఏడును గ్రీకు పేర్లే! గరిటె చేతులు మారెను.

కుంచెయు అట్లే మారవలెను. 1902లో గోవాలో పుట్టిన ఆంజెలో ద ఫొన్సెకా శాంతినికేతనములో చిత్రకళ నేర్చి, పూనాలో ఒక క్రైస్తవ ఆశ్రమమున నివసించుచు, మరియమ్మకు చీరకట్టి చిత్రించెను. గోవా క్రైస్తవులలో కొందరు దానిని ఆక్షేపించిరి. ఐరోపా వస్త్రములలోని మరియమ్మ వారికి వింతగా తోచలేదు. చీరలోని మరియమ్మ వింతయాయెను. అయితే ఫొన్సెకా పటమును మాత్రమే వ్రేలాడదీసి తృప్తిపడుటయు తప్పే. ప్రభువు నజరేతులో పెరిగిన యూదుడు. గోవావాడు కాడు, చికాగోవాడును కాడు. పలువురు వేసిన పటములు ప్రక్కప్రక్కన నున్నప్పుడే, వీటిలో ఏ ఒక్కటియు ప్రభువు కాదని కన్ను గ్రహించును.

మన భాషలో 1978లో వచ్చిన 'కరుణామయుడు' చలనచిత్రములో విజయచందర్ ప్రభువు పాత్ర ధరించెను. ప్రభువు తెలుగులో మాట్లాడగా విని పల్లెజనులు కన్నీరు విడిచిరి. అది గొప్ప మేలు. వేషము మాత్రము ఆ క్యాలెండరు పటమునుండి దిగివచ్చినట్లే నాకు తోచినది. మాట మనదాయెను, ముఖము ఇంకను కాలేదు.

మొన్నటి క్రిస్మసునకు వేషముల ఎంపికను కూలికి పోవు స్త్రీలు నలుగురికి అప్పగించితిని. ఆ అవ్వయు వారిలో నున్నది. ఆమె మనుమరాలు అప్పటికే పై చదువునకు పట్నము వెళ్లిపోయినది. మరియమ్మ వేషమునకు వారు, గుడిలో వెనుక చాపమీద కూర్చుండు ఒక చిన్నదానిని ఎంచిరి. ఆ పిల్ల బాగుగా పాడునట. ఆ సంగతి వారందరికిని తెలియును. నాకు ఆమె పేరైనను తెలియదు.