అమ్మకానికి రాని ఇల్లు: తెలుగు వృద్ధాప్య కథనాల్లో ఆస్తి, ఆశ్రయం – నారాయణఖేడ్ నేపథ్యం

వ్యాససంగ్రహం: వృద్ధాప్యాన్ని చిత్రించిన తెలుగు కథనాలు ఇంటిని మమకారానికి గుర్తుగా నిలబెట్టాయి. ఆ ఇల్లు వృద్ధులు తమ జీవనానికి ఉపయోగించుకోదగిన సొంత ఆస్తి అన్న స్పృహ వాటిలో బలహీనంగా ఉంది. తిక్కన ఆశ్రమవాసపర్వం, 'బడిపంతులు' చలనచిత్రం, శ్రీరమణ 'మిథునం' కథ ఆధారంగా ఈ వ్యాసం ఆ లోపాన్ని పరిశీలిస్తుంది. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో ఇంటికున్న ఆర్థిక, న్యాయ స్వరూపాన్ని ఆ పరిశీలనకు గీటురాయిగా తీసుకుంటుంది.

కీలకపదాలు: వృద్ధాప్యం, ఇల్లు, వారసత్వం, వానప్రస్థం, గ్రామకంఠం, వలస, నారాయణఖేడ్.

1. ఉపోద్ఘాతం

తెలుగులో వృద్ధాప్య సాహిత్యంపై వచ్చిన విమర్శ ప్రధానంగా ప్రేమరాహిత్యం చుట్టూ తిరిగింది. కొడుకుల నిరాదరణ, కోడళ్ల కాఠిన్యం, సముద్రాలు దాటిన సంతానం, ఎదురుచూపు – ఇవే చర్చనీయాంశాలయ్యాయి. అయితే వృద్ధాశ్రమానికి బయలుదేరిన ప్రతి మనిషి వెనక ఒక ఇల్లు మిగులుతుంది. అది ఎవరి పేరు మీద ఉంది? అమ్మితే ఎంత వస్తుంది? వచ్చిన సొమ్ము ముసలివాళ్ల శేషజీవితానికి ఖర్చు కావాలా, పిల్లల వాటాగా మిగలాలా? కన్నీటిని ఇంత శ్రద్ధగా లెక్కించిన సాహిత్యం ఈ ప్రశ్నల దగ్గర మొహమాటపడింది. విమర్శ కూడా ఆ మొహమాటాన్ని గౌరవించింది.

ఇంగ్లండులో ఈ ప్రశ్న బహిరంగమైనది. అక్కడ సంరక్షణ గృహంలో చేరే వ్యక్తికి 23,250 పౌండ్లకు మించిన ఆస్తి ఉంటే ఖర్చు సొంతంగా భరించాలి. భార్య లేదా భర్త ఆ ఇంట్లో నివసించడం వంటి మినహాయింపులు వర్తించనప్పుడు ఇంటి విలువ కూడా ఆ లెక్కలోకి వస్తుంది. కనుక ఇల్లు అమ్మడం అక్కడ ఒక కుటుంబ నిర్ణయం, ఒక కాగితపు వ్యవహారం. తెలుగు సమాజంలో అదే పని పరువుకు సంబంధించిన సంఘటన అవుతుంది. ఈ తేడాను సంస్కృతుల వైరుధ్యంగా వివరించి ఊరుకోవడం తేలిక. ఇల్లు డబ్బుగా మారగల చోటుకూ, మారలేని చోటుకూ ఉన్న తేడాను చూడటం అంతకన్నా అవసరం.

2. ఆశ్రమం అన్న మాట

'వృద్ధాశ్రమం' అన్న సమాసమే ఒక విషయాన్ని కప్పిపుచ్చుతుంది. నెలనెలా రుసుము తీసుకుని, చాలాచోట్ల ముందుగా ధరావతు కూడా కట్టించుకుని, వసతి, భోజనం, వైద్యం అందించే సంస్థకు వానప్రస్థాన్ని గుర్తుచేసే పేరు పెట్టుకున్నాం. వానప్రస్థంలో గృహస్థు ఇంటిని కొడుకుకు అప్పగించి వెళతాడు. అడవి అద్దె అడగదు. అందుచేత అక్కడ ఇల్లు అమ్మవలసిన ప్రసక్తి రాదు. నేటి ఆశ్రమం అద్దె అడుగుతుంది. వెళ్లేవారు మాత్రం ఇంటిని కొడుకుకు అప్పగించే వెళ్లాలన్న ఆశ పాతదే. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని ఎవరు పూరించాలో ఆ పేరు చెప్పదు.

ఆశ్చర్యకరంగా, డబ్బు సంగతి దాచకుండా మాట్లాడింది ప్రాచీన కావ్యమే. యుద్ధానంతరం పదిహేనేళ్లు ధర్మరాజు ఆదరణలో గడిపిన ధృతరాష్ట్రుడు, భీముని సూటిపోటి మాటలు భరించలేక అడవికి పోవాలనుకుంటాడు. ఆశ్రమవాసపర్వంలోని ఈ ఘట్టాన్ని వైరాగ్యానికి ఉదాహరణగా చదవడం అలవాటు. కానీ ప్రయాణానికి ముందు అతడు భీష్మద్రోణాదులకూ, తన కొడుకులకూ శ్రాద్ధం పెట్టడానికి ధనం కావాలని విదురునిచేత అడిగిస్తాడు. భీముడు ఒప్పుకోడు. అర్జునుడు నచ్చజెప్పబోతాడు. చివరకు ధర్మరాజు తన భాగం నుంచీ అర్జునుని భాగం నుంచీ ఇస్తానంటాడు. భీముని సొత్తు ముట్టుకోనక్కర లేదంటాడు.

నేటి కుటుంబాల్లో జరిగే పంచాయితీకి ఇది ఎంత దగ్గరగా ఉందో వేరే చెప్పనక్కరలేదు. ముగ్గురు కొడుకులు, మూడు వైఖరులు. ఇక్కడ గమనించవలసిన అంశం, ధృతరాష్ట్రుని చేతిలో ఏమీ లేకపోవడం. ఒకప్పుడు తాను ఏలిన ఇంట్లోనే అతడు యాచకుడు. రాజ్యం ముందే చేయి దాటిపోయింది కాబట్టి, తన చివరి కోరిక ఇతరుల ఔదార్యం మీద ఆధారపడింది. అతడు యుద్ధదోషి కావడం వల్ల పాఠకుని సానుభూతి చీలుతుంది. తిక్కన ఆ చీలికను సరిచేయడానికి తొందరపడలేదు. ఇంటిని ముందే రాసిచ్చేసిన తండ్రి స్థితిని తెలుగులో ఇంత నిర్మొహమాటంగా చూపిన ఘట్టం తరువాతి కాలంలో అరుదు.

3. తిరిగివచ్చిన ఇల్లు, కదలని ఇల్లు

ఆధునిక కథనాల్లో ఇంటికి రెండు గతులు ప్రధానంగా కనిపిస్తాయి. మొదటిది 1972లో పి. చంద్రశేఖరరెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'బడిపంతులు'. బి. ఆర్. పంతులు కన్నడంలో తీసిన 'స్కూల్ మాస్టర్' దీనికి మూలం. ఎన్. టి. రామారావు, అంజలీదేవి నటించిన ఆ వృద్ధ దంపతులను కొడుకులు చెరొకరుగా పంచుకుంటారు. తల్లిదండ్రులను వాటాలు వేసుకున్న ఆ దృశ్యాలు ప్రేక్షకుల జ్ఞాపకంలో బలంగా నిలిచాయి. ఇల్లు అప్పుల పాలవుతుంది. ఒకప్పటి శిష్యుడు దాన్ని దక్కించి గురువుకు సమర్పిస్తాడు.

ఈ ముగింపు ప్రేక్షకునికి ఇచ్చే ఊరట నిజమైనదే. దాని తర్కం మాత్రం బలహీనం. ఇల్లు పోవడానికి కారణం ఒక ఉపాధ్యాయుని జీతానికీ అతని బాధ్యతలకూ పొంతన లేకపోవడం. ఆ ఆర్థిక కారణానికి చిత్రం ఇచ్చిన సమాధానం గురుదక్షిణ. మంచి శిష్యుడు లేని పంతులు ఏమవుతాడు? పిల్లల చదువులకు ఇంటిని తాకట్టు పెట్టిన తండ్రి త్యాగమూర్తిగా కనిపిస్తాడు. అదే తండ్రి తన మందులకోసం ఇంటిని అమ్మి ఉంటే ఆ గౌరవం దక్కేదా? చిత్రం ఈ రెండో అవకాశాన్ని ఊహించదు. ఇల్లు సంతానం కోసం కరిగితే పుణ్యం, సొంతానికి కరిగితే స్వార్థం అన్న నైతిక లెక్క ఆ కథలోపల పనిచేస్తూనే ఉంది.

రెండో గతి 'మిథునం'. శ్రీరమణ రాసిన ఈ కథను బాపు తన దస్తూరీతో తిరగరాయడం, 2012లో తనికెళ్ల భరణి చిత్రంగా తీయడం సాహిత్యాభిమానులకు తెలిసినవే. అప్పదాసు, బుచ్చిలక్ష్మి పిల్లల దగ్గరికి పోరు. పెరడు, పాదులు, ఆవు, వంటలు, పోట్లాటలు – ఇంట్లోని ప్రతి మూలా వాళ్ల సంభాషణలో భాగం. తెలుగు కథలో ఒక ఇల్లు ఇంత రుచిగా, ఇంత వాసనతో కనిపించడం అపురూపం. ఆ రుచి వెనక ఒక ఏర్పాటు ఉంది: ఇద్దరి ఒంట్లోనూ సత్తువ ఉంది, పెరడు తిండి పెడుతుంది, బయటి అవసరం దాదాపు లేదు. మంచం పట్టడం, నెలల తరబడి సేవ, వైద్యం ఖర్చు వంటివి కథ గడప తొక్కకముందే అప్పదాసు కన్నుమూస్తాడు. తన తరువాత ఆయన ఒంటరిగా బతకలేడు గనుక, తానే వెనక మిగలాలని కోరుకున్నానన్న బుచ్చిలక్ష్మి మాట పాఠకుని గుండెను పట్టుకుంటుంది. ఆ తరువాత ఆ ఇల్లేమైందన్న ప్రశ్నను కథ అడగదు. కథగా అది లోపం కాదు. శ్రీరమణ రాయదలచింది దాంపత్యం. వృద్ధాప్యం మొత్తానికి ఆ కథను ఆదర్శ నమూనాగా నిలబెట్టిన పాఠక సంప్రదాయంలోనే చిక్కు ఉంది.

4. నారాయణఖేడ్: ధర పలకని ఇల్లు

ఈ రెండు నమూనాలనూ నారాయణఖేడ్‌కు తెచ్చి చూస్తే వాటి పరిమితి స్పష్టపడుతుంది. హైదరాబాద్ రాష్ట్రంలో బీదర్ జిల్లాకు చెందిన ఈ తాలూకా 1956 పునర్విభజనతో మెదక్ జిల్లాలోకి వచ్చింది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు అందులో ఒక రెవెన్యూ డివిజన్ అయింది. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ భాషలు కలిసే సరిహద్దు ప్రాంతమిది. పల్లెల్లో పాత ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలోనివి. పొలానికి ఉన్నట్లు వాటికి పట్టాదారు పాసుపుస్తకం ఉండదు. పంచాయతీ ఇంటి నంబరు, పన్ను రసీదు, ఇరుగుపొరుగు సాక్ష్యం – ఇవే తరచుగా హక్కుకు ఆధారాలు. ఒకే కప్పు కింద అన్నకొక అర్ర, తమ్మునికొక అర్ర, మధ్య సాయబాన్ ఉమ్మడి. ఒక అర్రను బయటివాడు కొనడు. కొంటే పాలివాళ్లే కొనాలి, ధర వాళ్లు చెప్పిందే.

జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 2007లో మార్గదర్శకాలు రూపొందించిన రివర్స్ మార్ట్‌గేజ్ పథకం ఇలాంటి ఇంటిని ముట్టుకోదు. ఇల్లు అమ్మకుండానే అరవైయేళ్లు దాటినవారికి ఆ ఇంటిమీద క్రమంగా సొమ్ము ఇవ్వడం దాని ఉద్దేశం. కానీ ఆ ఇల్లు స్వార్జితమై ఉండాలి, హక్కు నిర్వివాదంగా ఉండాలి. నారాయణఖేడ్ పల్లెలోని పిత్రార్జితపు ఇల్లు మొదటి షరతు దగ్గరే ఆగిపోతుంది. అందువల్ల ఇక్కడి వృద్ధులకు ఒక విచిత్రమైన మధ్యస్థితి ఏర్పడుతుంది. ఇల్లుంది కాబట్టి ఊరి దృష్టిలో దిక్కులేనివారు కారు. ఆ ఇల్లు డబ్బు కాదు కాబట్టి నగరంలోని రుసుము తీసుకునే ఆశ్రమానికి పోలేరు. ఆధునిక తెలుగు కథ పట్టణ పింఛనుదారునీ, వీధిన పడ్డ నిరుపేదనూ పలుమార్లు చిత్రించింది. వీరిద్దరి మధ్య నిలిచిన మనిషి అంతగా కనబడడు.

తండాల్లో పరిస్థితి మరీ భిన్నం. నారాయణఖేడ్, కంగ్టి, మనూరు ప్రాంతాల తండాల నుంచి పంట పనులు ముగిశాక చెరకు కోతకు జంటలు జంటలుగా వలసపోవడం దశాబ్దాలుగా సాగుతున్నదే. మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుంటారు. దంపతులు నెలల తరబడి చెరకు తోటల పక్క గుడిసెల్లో ఉంటారు. ఇంటి దగ్గర ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు మిగులుతారు. ఇక్కడ వృద్ధులు ఇంటిని అంటిపెట్టుకుని ఉండటాన్ని మమకారంగా మాత్రమే చదివితే పొరపాటు. కొడుకూ కోడలూ తిరిగివచ్చే చోటును వాళ్లు కాపలా కాస్తున్నారు. మనవల బడి, రేషను కార్డు చిరునామా, ఓటు అన్నీ ఆ గోడలకు కట్టుబడి ఉన్నాయి. 'మిథునం'లో పిల్లలు లేని ఇంట్లో వృద్ధులు తమకోసం బతుకుతారు. తండాలో పిల్లలు లేని ఇంట్లో వృద్ధులు పిల్లలకోసం పనిచేస్తారు. రెండూ పైకి ఒకే దృశ్యం: వాకిట్లో మంచం, మంచం మీద ముసలి మనిషి. వలస సాహిత్యంపై జరిగిన పరిశోధన వెళ్లినవారి వెంట నడిచింది. ఇంట్లో ఆగినవారి శ్రమను అది నేపథ్యంగానే వదిలేసింది.

5. చట్టం ఊహించుకున్న తల్లిదండ్రులు

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని కూడా ఒక కథనంగా చదవవచ్చు. 23వ సెక్షన్ ప్రకారం, తమను చూసుకోవాలన్న షరతుతో వృద్ధులు ఆస్తిని రాసిచ్చినప్పుడు, తీసుకున్నవారు ఆ షరతు తప్పితే బదిలీని రద్దు చేయించుకోవచ్చు. ట్రిబ్యునల్‌కు సబ్ డివిజన్ స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహిస్తాడు. నారాయణఖేడ్ వృద్ధులకు అది ఆర్డీఓ కార్యాలయం. దస్తావేజులో ఆ షరతు ఉందా లేదా అన్నదే ఇటువంటి వివాదాలకు కీలకం. షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు నొక్కిచెప్పింది. చట్టాన్ని వృద్ధులకు మేలు చేసేలా ఉదారంగా అన్వయించాలంటూ 2025 జనవరిలో మరో కేసులో ఒక తల్లి రాసిన దానపత్రాన్ని రద్దుచేసింది.

ఈ సెక్షన్ అవసరాన్ని ఎవరూ కాదనలేరు. దాని ఊహ మాత్రం 'బడిపంతులు' ఊహే: తల్లిదండ్రులు ఇచ్చేవారు, పిల్లలు పుచ్చుకునేవారు, న్యాయం అంటే పోయిన ఇంటిని తిరిగి తేవడం. శిష్యుని స్థానంలో ఆర్డీఓ వచ్చాడు. ఇవ్వడం మాని, తన ఇంటిని తానే అమ్ముకుని, ఆ సొమ్ముతో తనకు నచ్చిన చోట బతకాలనుకునే వృద్ధురాలు చట్టంలో నిషిద్ధ కాదు. అయితే ఆమె కోసం రాసిన వాక్యం ఆ సెక్షన్‌లో లేదు. అదే చట్టంలోని 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, నూట యాభై మందికి తగ్గకుండా, నిరుపేద వృద్ధులకోసం ఆశ్రమాలు ఏర్పరచవచ్చంటుంది. ధర పలకని అర్ర ఒకటి ఉన్నవారు నిరుపేదలేనా అన్నది మళ్లీ అధికారి విచక్షణకే వదిలిన ప్రశ్న.

6. వెనక మిగిలినవారు

ఇంటి అమ్మకాన్ని కేంద్రంగా చేసుకున్న ప్రపంచ నాటకాల్లో చెహోవ్ 'చెర్రీ తోట' ప్రసిద్ధం. 1904లో మొదట ప్రదర్శితమైన ఆ నాటకంలో తోట వేలంలో పోతుంది. యజమానులు బండ్లెక్కి వెళ్లిపోతారు. జబ్బుపడ్డ ముసలి నౌకరు ఫీర్స్‌ను ఆసుపత్రికి పంపారనుకుని, తాళం వేసిన ఇంట్లోనే మరచిపోతారు. అమ్మకం వల్ల ఎవరికి డబ్బు వచ్చింది, ఎవరికి చోటు పోయింది అన్న లెక్కలో అందరికన్నా చివర నిలిచేది ఆ ఇంటిమీద ఏ హక్కూ లేకుండా అందులో జీవితం గడిపిన మనిషి అని చెహోవ్‌కు తెలుసు.

తెలుగు ఇంట్లో ఆ స్థానం తరచుగా స్త్రీది. 1956 హిందూ వారసత్వ చట్టంలోని పాత 23వ సెక్షన్, మగవారసులు పంచుకోవాలనుకునేదాకా నివాసగృహంలో వాటా విడదీయమని కోరే హక్కును ఆడవారసులకు ఇవ్వలేదు. 1986లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు కల్పించినా, నివాసగృహంపై ఉన్న ఆ అడ్డంకి 2005 కేంద్ర సవరణతోనే తొలగింది. అంటే 'బడిపంతులు' కాలంలో అంజలీదేవి పాత్ర వంటి స్త్రీకి ఇల్లు ఒక జ్ఞాపకంగా ఉండవచ్చు గాని, వైధవ్యం వచ్చాక అందులో తన వాటాను వేరుచేసి అడగగల ఆస్తి కాదు. ఆ చిత్రంలో ఆమె దుఃఖమంతా భర్త ఎడబాటుకు కేటాయించడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

'మిథునం'ను ఈ కోణంలో ఒక అడుగు ముందుకు జరిపి చూడవచ్చు. ఇల్లు అప్పదాసు స్వార్జితమనీ, వీలునామా రాయకుండా పోయాడనీ అనుకుంటే, బుచ్చిలక్ష్మికీ పిల్లలందరికీ తలా ఒక సమాన వాటా వస్తుంది. ఆమె ఆ ఇంట్లో జీవితమంతా పొయ్యి ఊదింది, పాదులకు నీళ్లు పోసింది. రేపు మోకాళ్లు పట్టుకుపోయి, ఇల్లు అమ్మి ఎక్కడైనా ఒక గది చూసుకోవాలనుకుంటే, దూరాన ఉన్న సంతానం అందరి సంతకాలూ ఆమె సంపాదించాలి.