'బొమ్మరిల్లు' - చేయి విడువని తండ్రి

2006వ సంవత్సరమున వెలువడిన 'బొమ్మరిల్లు' చలనచిత్రము ప్రేమకథగా ప్రసిద్ధి కెక్కినను, దాని ప్రాణము తండ్రికొడుకుల నడిమి చిక్కునందే యున్నది. దర్శకుడు భాస్కర్ చిత్రించిన తండ్రి అరవింద్ కొడుకును ద్వేషించువాడు కాడు. బట్టలు మొదలు వధువు వఱకు సమస్తమును తానే యెంచిపెట్టును. ఆ యువకుడు ఇంట మౌనియై, వెలుపల మఱియొకడై బ్రదుకును. ప్రేమయే మనశ్శాంతిని హరింపగలదని చూపుట యీ చిత్రము చేసిన మేలు.

ఇది వట్టి కల్పన కాదు. 2014లో అమెరికాలో హాలీ షిఫ్రిన్ మొదలగువారు కళాశాల విద్యార్థులను గూర్చి ప్రకటించిన పరిశోధనయందు, తల్లిదండ్రుల జోక్యము మితిమీఱినచోట మనసు క్రుంగుట హెచ్చుగను, జీవనతృప్తి తక్కువగను కనబడెను. తన పని తాను నిర్ణయించుకొనగలనను నమ్మిక సన్నగిల్లుటయే యిందులకు హేతువై యుండునని వారూహించిరి. అయితే యిట్టి పరిశోధనము సంబంధమును జూపునే కాని కారణమును నిర్ధారింపదు. క్రుంగిన బిడ్డను జూచి తల్లిదండ్రులే మఱింత చేరువై యుండవచ్చును.

చిత్రమునందలి లోపము ముగింపున గలదు. కొడుకు తన కడుపులోని దంతయు నొక్కమాఱు వెళ్లగ్రక్కును, తండ్రి కరగును, కథ సుఖాంతమగును. కలవారి యింట నిది సాధ్యమే. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్మి వేరుసెనగ విత్తు అనంతపురపు మెట్టసీమ కాపునకు కొడుకు చదువొక్కటే కరవు సోకని పంట. అప్పుచేసి దూరపు వసతి కళాశాలకు బంపి, వారము వారము ఫోనులో మార్కులనే యడుగు నాతని పెత్తనము గర్వమున బుట్టినది కాదు, భయమున బుట్టినది. ఆ యప్పు నెఱిగిన బిడ్డ తనకీ చదువు వలదని యెట్లనగలడు? అరవింద్ కొడుకునకు ధైర్యము చాలకపోయెను. వీనికి ధైర్యమున్నను హక్కు లేదని తోచును. ఈ ఋణభారమును 'బొమ్మరిల్లు' చూడలేదు.

విశాఖపట్టణమున నొక విద్యార్థిని మరణమునుగూర్చిన వ్యాజ్యెమున, 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాలయములకు 15 మార్గదర్శకములు విధించెను. తల్లిదండ్రులకు అవగాహన కలిగింపవలయుననుటయు నందొకటి. మంచిదే; కాని యింటిలో జరుగవలసిన పనిని న్యాయస్థానము చేయజాలదు. అప్పు చేయకమునుపే బిడ్డ మనసడుగుట, చదువు సాగనిచో తిరిగి రావచ్చునని ముందే మాట యిచ్చుట, ఇవి తండ్రులు చేయవలసినవి. వాన తప్పినను మఱుసటి యేడు మరల విత్తు కాపు, పరీక్ష తప్పిన బిడ్డకు మఱియొక యేడు ఈయలేడా?