అగాధపు బురదలో కొత్త పేరు

1996లో జపాన్ మానవరహిత జలాంతర వాహనం కైకో, మరియానా అగాధంలో దాదాపు 10,900 మీటర్ల లోతు నుంచి కాస్త బురద పైకి తెచ్చింది. అందులోంచి ఒక కొత్త బాక్టీరియాను వేరుచేసి, పెంచి, పేరు పెట్టినవారి పనితనం నాకెప్పుడూ అబ్బురమే.

ఒత్తిడి మనం బతికే గాలి ఒత్తిడికి సుమారు 500 రెట్లయినా లేకపోతే ఆ జీవి పెరగనే పెరగదు. 800 రెట్ల దగ్గర చక్కగా వర్ధిల్లుతుంది. అందుకే దాన్ని అధిక పీడన పాత్రల్లో, 10 డిగ్రీల చలిలో ఓపికగా సాకాలి.

పెరిగితే చాలదు, కొత్తదని రుజువు చేయాలి. 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువు చదివి దగ్గరి బంధువులెవరో తేల్చాలి. డీఎన్‌ఏను వాటి డీఎన్‌ఏతో పోల్చాలి. కణపొరలోని కొవ్వు ఆమ్లాలు, అరిగించుకునే చక్కెరలు, తట్టుకునే ఉప్పు అన్నీ నమోదు చేయాలి. వంశవృక్షంలో చోటు ఖాయమయ్యాకే పేరు. పీడనప్రియ జీవుల పరిశోధనకు బాట వేసిన యయానోస్ గౌరవార్థం, 1999లో దీనికి మోరిటెల్లా యయానోసై అని పేరు పెట్టారు.

ఇప్పుడు కొత్త జాతిని ప్రకటించాలంటే సజీవ నమూనాను రెండు వేర్వేరు దేశాల భాండాగారాల్లో భద్రపరచాలి. ఎవరైనా తెప్పించుకుని సరిచూసుకోవచ్చు. తన మాటను తానే పరీక్షకు పెట్టే ఈ నిజాయితీ వల్లే బాక్టీరియాలకు పేర్లు పెట్టేవారి వృత్తికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.