నాలుగు వేల గీత

డాలస్‌లో ఉంటున్న మా మేనల్లుడు సుబారు బీఆర్‌జెడ్ కొన్నాడు. రెండు తలుపులు, వెనక చక్రాలకు పవర్, చేత్తో వేసుకునే ఆరు గేర్లు. తాళాలు చేతికొచ్చిన రాత్రే ఫోన్ చేశాడు. "మావయ్యా, మొదటి 1,000 మైళ్లు 4,000 ఆర్‌పీఎం దాటొద్దని మాన్యువల్‌లో రాశారు. మీటర్లో ఎర్రగీతేమో 7,500 దగ్గరుంది. సగం ఇంజనుకే డబ్బు కట్టినట్టుంది!"

విజయవాడ ఆటోనగర్‌లో బోరింగ్ షెడ్ల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి నన్నడిగాడు. బోరుకొచ్చిన లారీ ఇంజనుకు రీబోరు చేసి పంపేటప్పుడు అక్కడి మిస్త్రీలు డ్రైవర్‌కు ఒక మాట చెప్పేవారు: "గట్టిగా తొక్కకు. అలాగని ఖాళీ బండి తిప్పకు. సగం లోడెయ్యి." స్పోర్ట్స్ కారుకైనా ఇంతకన్నా మంచి సలహా నేను వినలేదు.

సిలిండర్లో మండే గ్యాసు కిందికి జారిపోకుండా ఆపేది పిస్టన్ ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న రింగులు కూడా. మామూలుగా మూడుంటాయి. పై రెండూ ముఖ్యంగా గ్యాసును ఆపడానికి, కిందిది గోడకంటిన ఆయిల్‌ను గీకి కిందికి పంపడానికి. పిస్టన్‌కూ గోడకూ మధ్య కాస్త సందు ఉండితీరాలి. లేకపోతే వేడికి అల్యూమినియం పిస్టన్ ఉబ్బి పట్టేస్తుంది. ఆ సందును మూసేవి రింగులే.

గోడ కూడా అద్దంలా ఉండదు. హోనింగ్ రాళ్లతో ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి ఏటవాలు గీతలు పెడతారు. అరిగి నున్నబడ్డ రుబ్బురోలుకు ఉలితో గంట్లు కొట్టించడం లాంటిదే ఇది. రోట్లో గంట్లు పప్పును పట్టుకుంటాయి, ఇక్కడి గీతలు ఆయిల్‌ను పట్టుకుంటాయి. కొత్త ఇంజనులో ఆ గీతల మొనలూ రింగు అంచులూ కొద్దికొద్దిగా అరిగి ఒకదానికొకటి కుదరాలి. రన్నింగ్-ఇన్ అంటే ప్రధానంగా ఇదే.

రింగు గోడకు గట్టిగా ఆనుకోవాలంటే దాని సొంత బిగువు చాలదు. మండిన గ్యాసు రింగు వెనక గాడిలోకి దూరి దాన్ని బయటికి తోయాలి. పెడల్‌ను ముట్టీ ముట్టనట్టు తొక్కుతూ పోతే ఆ తోపు తక్కువవుతుంది. రింగు సరిగ్గా కూర్చోదు. గోడ మీది ఆయిల్ కాలి గట్టిపొరలా పేరుకుని గీతలు పూడతాయి. ఆ తర్వాత ఇంజను ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. ఇప్పటి ఫ్యాక్టరీలు ఆ మొనల్ని చాలావరకు ముందే తీసేస్తాయి కనుక భయం పాతరోజులంత లేదు. సూత్రం మాత్రం మారలేదు. కొత్త ఇంజనును ముద్దు చేసీ పాడుచేయొచ్చు.

లోడు కావాలి సరే, మరి 4,000 గీత ఎందుకు? లెక్క వేసి చూద్దాం. బీఆర్‌జెడ్ 2.4 లీటర్ల ఇంజనులో పిస్టన్ ప్రయాణం 86 మిల్లీమీటర్లు. 7,500 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ సెకనుకు 125 చుట్లు తిరుగుతుంది. పిస్టన్ సగటు వేగం గంటకు 77 కిలోమీటర్లు. ఆ వేగంతో పోతూ సెకనుకు 250 సార్లు ఆగి వెనక్కి తిరగాలి. 4,000 దగ్గర అదే సగటు 41 కిలోమీటర్లు. వేగంలో తేడా రెండింతలు కూడా లేదు, కానీ కనెక్టింగ్ రాడ్ మీదా బేరింగుల మీదా పడే కుదుపు చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే దాదాపు మూడున్నర రెట్లు. ఇంకా కుదురుకోని భాగాలను కంపెనీ తప్పించాలనుకునేది ఈ దెబ్బనుంచే.

మేనల్లుడు గమనించని సంగతి ఇంకొకటుంది. ఈ ఇంజను అత్యధిక టార్క్ 250 న్యూటన్ మీటర్లు. అది వచ్చేది 3,700 దగ్గర, అంటే గీతకు ఇవతలే. మూడో గేర్లో 2,000 నుంచి 3,500 దాకా నిదానంగా ఒత్తిడి పెంచుతూ లాగించి, వదిలేసి, మళ్లీ లాగిస్తే రింగులకు కావలసింది అందుతుంది. ఆరో గేర్లో 1,500 దగ్గర ఇంజను మూలుగుతుంటే అదిమి తొక్కడం మాత్రం పనికిరాదు. ఒకే వేగంతో చాలాసేపు నడపొద్దని కూడా సుబారు మాన్యువల్ చెబుతుంది. అందుకే డాలస్ నుంచి హ్యూస్టన్‌కు తిన్నటి హైవే మీద క్రూజ్ కంట్రోల్ పెట్టి కూర్చునే ప్రయాణం కొత్త ఇంజనుకు మంచిది కాదు. ఆస్టిన్ పక్కన హిల్ కంట్రీ ఎత్తుపల్లాలు నయం.

మొదటిరోజే ఎర్రగీత దాకా లాగించాలనే వాదం కూడా ఉంది. లోడు కావాలన్నంతవరకు అందులో నిజముంది. కానీ కారంటే రింగులొక్కటే కాదు. వెనక డిఫరెన్షియల్ పళ్లు ఒకదానికొకటి కుదరాలి. బ్రేక్ ప్యాడ్‌లు డిస్కుల మీద సమంగా పరుచుకోవాలి. కొత్త టైరు పైపొర పోవాలి. బీఎండబ్ల్యూ తన ఎం కార్లకు మొదటి 2,000 కిలోమీటర్లు 5,500 ఆర్‌పీఎం, గంటకు 170 కిలోమీటర్ల హద్దు పెట్టి, ఆపైన ఇంజను ఆయిల్‌తోపాటు డిఫరెన్షియల్ ఆయిల్ కూడా మారుస్తుంది. హోండా అయితే మొదటి ఆయిల్‌ను గడువుకు ముందు మార్చొద్దంటుంది. ఒకరి నియమం ఇంకొకరి కారుకు నప్పదు.

1,000 మైళ్ల తర్వాత 4,000 గీత చెరిగిపోతుంది. చల్లటి ఇంజనును గట్టిగా తొక్కకూడదన్న నియమం మాత్రం కారున్నంతకాలం ఉంటుంది. మీటర్లో నీళ్ల వేడి చూపే ముల్లు మధ్యకొచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకా సమయం పడుతుంది. అలాగని ఇంటిముందు నిలబెట్టి వేడి చేయడమూ మంచిది కాదు. చల్లటి ఇంజనులో ఎక్కువగా పడే పెట్రోలు గోడమీది ఆయిల్‌ను కడిగేస్తుంది. స్టార్ట్ చేసి, కాసేపటికే బయల్దేరి, ఆయిల్ వేడెక్కేదాకా మెల్లగా నడపండి. కొత్త కారు కొన్నవాళ్లు ముందుగా మాన్యువల్‌లో రన్నింగ్-ఇన్ పేజీ చదవండి. షోరూమ్‌వాళ్ల మాటకూ ఈ కాలమ్‌కూ ఆ పేజీకీ తేడా వస్తే, ఆ పేజీనే నమ్మండి.