ఎఱ్ఱగీత కాపలా

మందుబిళ్ళల అట్ట మీద నిలువుగా గీచిన ఎఱ్ఱగీతను విద్యార్థులు చూచియే యుందురు. వైద్యుని చీటీ లేక ఆ మందు వాడరాదని దాని భావము. 2016లో కేంద్ర ప్రభుత్వము దీనిని గూర్చి విస్తారముగా ప్రచారము చేసినది. అంతకు రెండేండ్ల ముందే, 2014 మార్చి 1 నుండి, హెచ్-1 షెడ్యూలు అమలులోనికి వచ్చినది. ఆ పట్టికలోని ఆంటీబయాటిక్ అమ్మిన దుకాణదారు వైద్యుని పేరు, రోగి పేరు, మందు పేరు, పరిమాణము ఒక పుస్తకములో వ్రాసి మూడేండ్లు భద్రపఱచవలెను. మంచి నిబంధనయే. కాని అది కాపలా కాయునది దుకాణమును మాత్రమే. వృద్ధాశ్రమములలోను, నర్సింగు హోములలోను తఱచు జరుగు పొరపాటు చీటీ లేకపోవుట కాదు. చీటీ వ్రాయించిన ఆలోచనలోనే పొరపాటున్నది.

రాప్తాడు ప్రాంతము సంగతి చూడుడు. అనంతపురము ప్రక్కనే, ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు మెట్టసీమ. ఏప్రిల్, మే నెలల యెండలో మంచము దిగలేని ముసలమ్మకు దాహము సరిగా తెలియదు. వయసు మీఱినకొలది దప్పిక మందగించును. మాటిమాటికి లేవవలసి వచ్చునని నీళ్ళు తగ్గించుకొనువారును కలరు. అప్పుడు మూత్రము చిక్కబడి, రంగు ముదిరి, వాసన కొట్టును. చూచినవారు ఇన్‌ఫెక్షన్ అందురు. పరీక్షకు పంపినచో తఱచు బాక్టీరియా కనబడనే కనబడును. ఇక మందు మొదలు. చెంబెడు నీళ్ళతో తీరవలసిన పనికి వారము రోజుల బిళ్ళలు!

బాక్టీరియా కనబడుట వేఱు, వ్యాధి యుండుట వేఱు. ఆశ్రమములలో దీర్ఘకాలముండు వృద్ధస్త్రీలలో నూటికి 25 నుండి 50 మందికి, పురుషులలో 15 నుండి 40 మందికి, ఏ బాధయు లేకుండగనే మూత్రములో బాక్టీరియా ఉండునని పాశ్చాత్య దేశముల పరిశీలనలు తెలుపుచున్నవి. మూత్రపు గొట్టము పెట్టినవారిలో నెల తిరుగునప్పటికి దాదాపు అందఱికిని ఉండును. మూత్రమార్గ శస్త్రచికిత్స వంటి సందర్భములలో తప్ప వీరికి ఆంటీబయాటిక్ ఇచ్చుట వలన మేలు లేదని అమెరికా అంటువ్యాధి నిపుణుల సంఘము 2019లో సూచించినది. కీడు మాత్రము కలదు. లొంగు బాక్టీరియా చచ్చి, లొంగనివి మిగిలి వృద్ధిపొందును. (శరీరము మందుకు అలవాటుపడునని తరగతులలో చెప్పుట సరికాదు, మార్పు వచ్చునది బాక్టీరియాలో.) చలిజ్వరము, మూత్రమున మంట, డొక్కలో నొప్పి ఉన్నయెడల మాట వేఱు, అప్పుడు ఆలస్యమే ప్రమాదము.

లొంగని బాక్టీరియా ప్రక్క మంచమునకు ఎక్కువగా చేరునది పరిచారకుల చేతుల ద్వారానే. నీటి యెద్దడి గల ఊరిలో చేతులు కడుగుమని గోడకు వ్రాసినంతమాత్రమున పని జరుగదు. ఆల్కహాలు ద్రవముతో 20, 30 సెకండ్లు రుద్దుకొనిన చాలును. కంటికి కనబడు మురికి ఉన్నప్పుడును, విరేచనముల రోగిని తాకినప్పుడును సబ్బు, నీరు తప్పవు. ఉన్న కొద్ది నీటిని త్రాగుటకును, ఈ పనులకును ముందుగా కేటాయింపవలెను.

హెచ్-1 పుస్తకములో ఈ సంగతులకు గడి లేదు. రోగికి జ్వరమున్నదా, నీళ్ళు త్రాగుచున్నదా, గొట్టము ఏనాడు పెట్టిరి, ఇంకను ఎందుకు తీయలేదు, రెండు మూడు రోజుల తరువాత పరీక్షాఫలితము చూచి మందు మార్చిరా, ఆపిరా? ఇవి వ్రాయు పుస్తకము దుకాణములో కాదు, రోగి మంచము వద్ద ఉండవలెను.